‘ది విజన్’ కామిక్: పాత కథలు తెలియకపోయినా చదవొచ్చా? అంత గొప్పగా ఏముంది?

మీరు అడిగింది ఇది: సినిమాల్లో, ‘వాండావిజన్’ టీవీ సిరీస్‌లో మార్వెల్ వాళ్ల సూపర్‌హీరో, మరమనిషి విజన్‌ని చూశారు, కామిక్స్ మాత్రం ఇంతవరకూ ముట్టుకోలేదు. 2015లో మొదలైన 12 సంచికల ‘ది విజన్’ తప్పకుండా చదవమని ఎవరో చెప్పారు. మీ అనుమానాలు రెండు. ఒకటి, మరమనిషికీ మనసుంటుందని చెప్పే పాత పాటే మళ్లీ పాడారా అని. రెండు, యాభై ఏళ్ల వెనకటి కథలన్నీ తెలియకపోతే బుర్రకెక్కుతుందా అని. ముగింపు మాత్రం చెప్పొద్దన్నారు, మధ్యలో సంగతులు చెబితే ఫర్వాలేదన్నారు. సరే, మొదటి ఐదారు సంచికల్లో జరిగేవి విప్పి చెబుతాను, ఆ తర్వాతవి పైపైనే.

రెండో అనుమానానికి జవాబు చిన్నదే: అర్థమవుతుంది. తెలుసుకోవలసినంత గతాన్ని ఏడో సంచిక తనే చెప్పేస్తుంది. ఇక మొదటిదానికి కాస్త ఓపిగ్గా చెప్పాలి.

ముందు కథ. టామ్ కింగ్ రాశాడు, గాబ్రియెల్ హెర్నాండెజ్ వాల్టా బొమ్మలు వేశాడు (ఏడో సంచిక ఒక్కటీ మైకేల్ వాల్ష్), రంగులు జోర్డీ బెలేర్. 2015 నవంబరు నుంచి 2016 అక్టోబరు దాకా నడిచింది. 2017లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ పరిమిత సిరీస్‌గా నిలిచింది. అవెంజర్స్ అనే సూపర్‌హీరోల దళం తరఫున వైట్‌హౌస్‌తో వ్యవహారాలు చూసే పని మీద విజన్ వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో ఇల్లు తీసుకుంటాడు. ఒక్కడే కాదు, సంసారంతో సహా దిగుతాడు. భార్య వర్జీనియా, కవల పిల్లలు వివ్, విన్. ముగ్గురినీ ఆయనే తయారు చేసుకున్నాడు. ఎర్రటి ఒళ్లు, పచ్చటి జుట్టు, నల్లగుడ్డు లేని తెల్లటి కళ్లు. ఇంటి ముందు ‘ది విజన్స్’ అని పేరు రాసిన పోస్టు డబ్బా. పిల్లలు ఊళ్లో హైస్కూల్లో చేరతారు. అందరిలా ఉండాలి, మామూలుగా బతకాలి. ఇంటాయన కోరిక అంతే.

మొదటి సంచికలో ఓ సన్నివేశం ఉంది. ఈ సిరీస్ మీకు పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. ఇరుగింటి దంపతులు జార్జ్, నోరా కుకీలు పట్టుకుని కొత్తవాళ్లని పలకరించడానికి వస్తారు. జార్జ్‌కి రావడం ఇష్టం లేదు, వాళ్లు మనుషులే కాదు కదా అని దారిలో గొణుగుతాడు. నోరాకేమో మర్యాద ముఖ్యం. వాళ్లు వస్తారు, విజన్ ఇల్లంతా చూపిస్తాడు, ఆ ఇంట్లో తినే నోరు ఒక్కటీ లేకపోయినా కుకీలు పుచ్చుకుంటారు. మాటలు కాస్త బిగుసుకున్నట్టు ఉంటాయి, అంతకు మించి ఏమీ జరగదు. అయితే ఈ పలకరింపుల నడుమే ఒక క్యాప్షన్ (బొమ్మ మీద డబ్బాలో రాసే కథకుడి మాట) చాలా మామూలుగా ఒక మాట చెప్పిపోతుంది: ఈ కథ చివరికొచ్చేసరికి విజన్ కుటుంబంలో ఒకరు జార్జ్, నోరాల ఇంటికి నిప్పు పెడతారు, ఆ మంటల్లో వాళ్లిద్దరూ చనిపోతారు. చెప్పేసి మళ్లీ ముచ్చట్లలోకి వెళ్లిపోతుంది. బొమ్మలో అందరూ నవ్వుతూనే ఉంటారు.

మామూలుగా సూపర్‌హీరో కామిక్‌లో ఉత్కంఠ అంటే తర్వాత ఏమవుతుందో అన్న టెన్షన్. ఇక్కడ ఏమవుతుందో మొదటి సంచికలోనే చెప్పేసి, ఎలా అవుతుందో చూస్తూ కూర్చోమంటాడు కింగ్. మన పురాణం చెప్పేవాళ్లకి ఈ కిటుకు కొత్తేమీ కాదు. అభిమన్యుడు తిరిగి రాడని తెలిసే పద్మవ్యూహం ఘట్టం వింటాం. కామిక్స్‌లో మాత్రం అరుదు. ఇంతకీ ఆ క్యాప్షన్లు చెబుతున్న గొంతు ఎవరిది, ఎవరితో చెబుతోంది అన్నది కూడా కథలో భాగమే. ఆరో సంచికకి తెలుస్తుంది, నేను చెప్పను.

మొదటి సంచికలోనే గ్రిమ్ రీపర్ అనే విలన్ గోడ బద్దలుకొట్టుకుని ఇంట్లోకి వస్తాడు. అసలు పేరు ఎరిక్ విలియమ్స్. విజన్ మెదడు తయారైంది వీడి తమ్ముడు సైమన్ మెదడు నమూనాతో. నా తమ్ముడికి నువ్వు నకలువి, నీ పిల్లలు ఆ నకలుకి నకళ్లు అన్నది వీడి కడుపుమంట. వరస కలిపితే పిల్లలకి పెదనాన్న అవుతాడు! వచ్చీ రాగానే చేతికున్న కొడవలితో వివ్‌ని పొడిచేస్తాడు. ఆ టైముకి విజన్ ఇంట్లో లేడు. వర్జీనియా వంటింట్లో చేతికందిన ట్రే తీసుకుని కొట్టడం మొదలుపెడుతుంది. మొదటి దెబ్బ పిల్లని కాపాడటానికే. కానీ వాడు కదలడం మానేశాక కూడా ఆవిడ ఆపదు. ఆ తర్వాత శవాన్ని పెరట్లో పాతిపెట్టి, మీ నాన్నకి చెప్పొద్దని కొడుకుతో అంటుంది. భర్తకేమో వాడు పారిపోయాడని చెబుతుంది.

కథకి బీజం ఇదే. పోలీసులకి ఫోన్ చేసి ఉంటే ఆవిడని తప్పుపట్టేవాళ్లు తక్కువ. ఇంట్లోకి చొరబడి పిల్లని పొడిచిన పేరున్న నేరస్థుడు వాడు. కానీ ఆవిడకి కనిపించింది చట్టం కాదు, వీధి. ఇప్పటికే ఊరంతా అనుమానంగా చూస్తోంది, ఇప్పుడు మనిషిని చంపిన యంత్రం అన్న పేరు పడితే ఇక ఆ ఊళ్లో ఉండనిస్తారా? నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఈ భయం గురించి మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మీ అనుమానానికి నా జవాబు ఇక్కడే ఉంది. వీళ్లకి మనసుందా లేదా అని ఈ కామిక్ అడగదు, ఉందనే మొదటి పేజీ నుంచీ నడుస్తుంది. వీళ్లు మనుషుల్లా ఉండలేకపోవడం వల్ల దెబ్బతినరు. అచ్చం మనుషులు చేసేవే చేసి దెబ్బతింటారు. పిల్లల కోసం అబద్ధం, ఆ అబద్ధాన్ని కాయడానికి ఇంకొకటి, భార్య కోసం భర్త చెప్పేది మరొకటి. ఒక్కో మెట్టూ ప్రేమతోనే దిగుతారు. అందరికంటే యంత్రంలా ఉన్నవాడు ఎవడంటే, ఏ లోటూ రాకుండా సంసారాన్ని లెక్కవేసి తయారుచేసుకున్న ఇంటాయనే. మీరు నా భార్య, మీరు నా పిల్లలు, మనం ఇలా ఉంటాం అని నిర్ణయించిన రోజున ఆయన వాళ్లని ఒక్క మాట అడగలేదు.

నాలుగో సంచిక చెబితే ఇది ఇంకా తేటపడుతుంది. శవం పాతిపెడుతుండగా చూసినవాడు ఒకడున్నాడు. పిల్లల స్కూల్లో చదివే క్రిస్ కింజ్‌కీ అనే కుర్రాడి తండ్రి. వీడియో చేతిలో పెట్టుకుని వర్జీనియాని బెదిరిస్తాడు. వాడికి డబ్బు అక్కర్లేదు, వీళ్లు ఊరు వదిలి పోవాలంతే. మాట్లాడదామని ఆవిడ వాళ్లింటికి వెళుతుంది. అతను భయంతో తుపాకీ తీసి కాలుస్తాడు. విజన్ కుటుంబానికి ఒంటి సాంద్రత మార్చుకునే శక్తి ఉంది, కావాలంటే గాలిలా పలచబడి గోడలోంచి నడిచిపోగలరు. ఆవిడా అదే చేస్తుంది. తూటా ఆవిడలోంచి దూసుకుపోయి వెనక నిలబడ్డ క్రిస్‌కి తగులుతుంది. కన్నకొడుకుని కన్నతండ్రి తూటాయే చంపేస్తుంది. ఆ కుర్రాడంటే వివ్‌కి అప్పుడప్పుడే ఇష్టం మొదలవుతోంది.

ఏ సూపర్‌హీరో కథలోనైనా తూటా ఒంట్లోంచి దూసుకుపోతే చప్పట్లు కొడతాం. ఇక్కడ అదే శక్తి ఒక పిల్లాడి ప్రాణం తీసింది. ఆవిడ పలచబడకుండా నిలబడి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన చదివేవాడిని వదలదు. వర్జీనియాని అసలే వదలదు. ఆవిడ మాట తడబడటం, ఒక్కో పదాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ అనడం క్రమంగా పెరుగుతుంది. యంత్రం పాడైందా, మనిషి పాడైందా అన్నది కింగ్ ఎక్కడా విడదీసి చెప్పడు. చెప్పకపోవడమే మంచిదైంది.

ఐదో సంచికలో డిటెక్టివ్ విజన్‌ని ప్రశ్నిస్తాడు. దానికి సమాంతరంగా విజన్ ఈ భూమిని కాపాడిన 37 సందర్భాల జాబితా సాగుతూ ఉంటుంది. ఇన్నిసార్లు లోకాన్ని కాపాడినవాడు, అబద్ధం ఎరగనివాడు, ఇప్పుడు భార్యని కాపాడటానికి పోలీసు ఎదుట అబద్ధం చెబుతాడా? చెబుతాడు. మొత్తం 12 సంచికల్లో ఒక్కటే చదువుతానంటే నేను ఇదే ఇస్తాను. ఒక్క గుద్దూ లేదు, ఒక బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు. పక్కనే గతంలోని యుద్ధాలు వరుసగా వచ్చిపోతుంటాయి. అంత పెద్ద యుద్ధాలూ ఈ చిన్న గదిలోని ఒక్క మాట ముందు తేలిపోతాయి.

ఇక్కడే విన్ గురించి. స్కూల్లో షేక్‌స్పియర్ నాటకం ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ పాఠం చెబుతారు. అందులో అందరూ ఈసడించే యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ మాటలు, మాకు కళ్లు లేవా, పొడిస్తే నెత్తురు రాదా అన్నవి, ఆ కుర్రాడిని పట్టుకుంటాయి. ఇంట్లో గాల్లో తేలుతూ అవే చదువుతుంటాడు. అతన్ని పొడిస్తే నెత్తురు రాదు, అదే తిరకాసు. పైగా షైలాక్ ఆ మాటలన్నీ చెప్పి చివరికి అడిగేది దయ కాదు, పగ తీర్చుకునే హక్కు. నెత్తురొచ్చేంత మనిషినే అయితే పగ పట్టేంత మనిషిని కూడా అంటాడు. దయ కోసం ఆ మాటల్ని ఎత్తిచూపేవాళ్లు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ వదిలేస్తారు. కింగ్ వదల్లేదు. కథ రెండో సగమంతా దాని మీదే నడుస్తుంది. సంపుటాల పేర్లూ ఆ నాటకంలోవే: మొదటి ఆరు ‘లిటిల్ వర్స్ దాన్ ఎ మ్యాన్’, తర్వాతి ఆరు ‘లిటిల్ బెటర్ దాన్ ఎ బీస్ట్’. అవి షైలాక్ మాటలు కావు, తనని పెళ్లాడాలని వచ్చిన ఒక తాగుబోతు గురించి నాటకంలో కథానాయిక పోర్షియా వేసిన చురక.

గతం తెలియకపోయినా చదవొచ్చన్నాను. తెలిస్తే మాత్రం గుచ్చుకోవడం ఎక్కువవుతుంది, అందుకని క్లుప్తంగా. విజన్ తొలిసారి కనిపించింది 1968లో, ‘అవెంజర్స్’ 57వ సంచికలో. రాసింది రాయ్ థామస్, గీసింది జాన్ బుసెమా. అల్ట్రాన్ అనే రోబో అవెంజర్స్‌ని చంపడానికి ఇతన్ని చేసి పంపితే, ఇతను అటు వెళ్లి వాళ్లలో కలిసిపోతాడు. మరుసటి సంచికలో వాళ్లు తమలో చేర్చుకున్నందుకు ఒంటరిగా నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటాడు. 1975లో స్కార్లెట్ విచ్ అని పిలిచే అవెంజర్ వాండాతో పెళ్లి. ఎనభైల నడుమ ఇద్దరూ న్యూజెర్సీలోని లియోనియాలో కాపురం పెడతారు, కవల మగపిల్లలు పుడతారు. అక్కడా ఇరుగుపొరుగు గొడవలే. 1989లో రచయిత జాన్ బైర్న్ ఆ సంసారాన్ని నిర్దాక్షిణ్యంగా కూల్చేశాడు. ప్రభుత్వాల మనుషులు విజన్‌ని ఎత్తుకుపోయి ముక్కలుగా విప్పేస్తారు. మళ్లీ బిగించాక అతను తెల్లగా, ఏ భావమూ లేని బొమ్మలా లేస్తాడు. మెదడు నమూనా మళ్లీ ఇమ్మంటే సైమన్ ఇవ్వనంటాడు. ఆ పిల్లలు అసలు పిల్లలే కారు, ఒక దయ్యపు రాజు ఆత్మ తునకలు అని తేలుతుంది.

అంటే ఆర్లింగ్టన్‌లోది ఆయనకి రెండో సంసారం. పైగా ఈ కామిక్ మొదట్లోనే విజన్ ఒక పని చేసి ఉంటాడు: జ్ఞాపకాలు ఉంచుకుని, వాటికి అంటుకున్న భావాల్ని చెరిపేసుకుంటాడు. మొదటి కాపురం ఎలా కూలిందో ప్రతి వివరం గుర్తుంది, నొప్పి మాత్రం గుర్తులేదు. నొప్పి గుర్తులేనివాడు అదే పని మళ్లీ చేస్తే ఆశ్చర్యమేముంది! ఏడో సంచిక చదివాక వర్జీనియా తల లోపల ఏముందో, ఎవరి నమూనా ఉందో తెలుస్తుంది. అది తెలిశాక మొదటి సంచికకి వెళ్లి మళ్లీ చదవండి, ఆ ఇంట్లో ప్రతి మాటా వేరేగా వినిపిస్తుంది.

మనుషుల మధ్య ఇమడాలనుకునే ఆండ్రాయిడ్, అంటే మనిషి రూపంలోని మరమనిషి, మార్వెల్ కంపెనీకి పుట్టుకతో వచ్చిన ఆస్తి. 1939లో వచ్చిన ‘మార్వెల్ కామిక్స్’ మొట్టమొదటి సంచికలోనే కార్ల్ బర్గోస్ సృష్టించిన హ్యూమన్ టార్చ్ ఉన్నాడు. పేరులో మనిషి ఉన్నా వాడు ఆండ్రాయిడే. తర్వాత మనిషి వేషంలో న్యూయార్క్ పోలీసుల్లో చేరతాడు కూడా. పోటీ కంపెనీ డీసీ వాళ్ల ఆండ్రాయిడ్ రెడ్ టొర్నాడో కూడా 1968లోనే పుట్టాడు, జాన్ స్మిత్ అన్న మామూలు పేరుతో బతుకుతూ ఓ పాపని దత్తత తీసుకున్నాడు. ఇవన్నీ ఆ కోరికని ముద్దుగా చూసిన కథలు. ముద్దు పక్కనపెట్టి, ఆ కోరిక కింద ఎవరు నలిగారని లెక్క చూసింది కింగ్.

వాల్టా బొమ్మల గురించి చెప్పకపోతే అన్యాయం. నల్లగుడ్డు లేని కళ్లతో భావం పలికించడం ఎంత కష్టమో ఎప్పుడైనా గీసినవాళ్లకి తెలుస్తుంది. అతను మెడ వంపుతో, చేతులు పెట్టుకునే తీరుతో, భుజాల బిగువుతో లాక్కొచ్చాడు. వర్జీనియా సోఫాలో కూర్చునే పద్ధతి చూడండి, కూర్చోవడం ఎలాగో ఎక్కడో చూసి నేర్చుకున్నదానిలా ఉంటుంది. బెలేర్ రంగులు కూడా సూపర్‌హీరో రంగుల్లా మెరవవు. ఇల్లూ వీధీ అంతా ఆకులు రాలే కాలంలోలా వెలిసినట్టుంటాయి, వీళ్ల ఒంటి ఎరుపు ఒక్కటే ఎక్కడున్నా దాగదు. ఎంత మామూలుగా ఉందామన్నా ఆ రంగు ఉండనివ్వదు.

ఆర్లింగ్టన్ అన్నాక ఒక మాట. ఆ ఊరున్న వర్జీనియా రాష్ట్రపు ఉత్తర భాగంలో మన తెలుగు కుటుంబాలు బోలెడు. కొత్త ఇల్లు, కొత్త స్కూలు, పక్కింటివాళ్ల కుకీలు, పిల్లలు నలుగురిలో కలిసిపోవాలన్న తాపత్రయం, కలిసిపోతున్నకొద్దీ ఇంట్లో పెరిగే ఇంకో రకం బెంగ. అవన్నీ చూసినవాళ్లు ఈ కామిక్‌ని సైన్స్ ఫిక్షన్‌గా చదవలేరు. అలాగని ఇది వలసల గురించిన కథ అని ముద్ర వేయొద్దు. వలస వచ్చినవాడికి వెనక ఒక ఊరైనా ఉంటుంది. వీళ్లకి అదీ లేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. కింగ్‌కి తన క్యాప్షన్ల మీద మోజు ఎక్కువ. ఆరో సంచికలో గణితశాస్త్రంలో తేలని సమస్య ఒకటి తెచ్చి కథకి తగిలిస్తాడు. తెలివిగానే ఉంటుంది, కాకపోతే ఆ తెలివి మీకు కనిపించాలని కాస్త ఎక్కువ ఆరాటపడతాడు. అదే సంచికలో పక్కింటి కుక్క పెరట్లో తవ్వుకుంటూ పోయి శవం దాకా చేరే ఘట్టం ఏ గణితం సాయమూ లేకుండానే గుండె జారేలా చేస్తుంది. రెండో సగంలో విక్టర్ మాంచా అని ఒకడు వస్తాడు. వాడూ అల్ట్రాన్ సృష్టే, కాబట్టి చుట్టమే. వాడి గతం ‘రనవేస్’ అనే వేరే సిరీస్‌లోది. తెలియనివాళ్లకి వాడి బాధ కాస్త హడావిడిగా తోస్తుంది. అవెంజర్స్ అంతా కట్టకట్టుకుని వచ్చే పోరాటం కూడా, ఇంత నిదానంగా నడిచిన కథకి కంపెనీ పద్దు కింద రాసినట్టుంటుంది. ఇంకొకటి, పాపం వర్జీనియా. భర్త చేసిన లెక్కకి ఆవిడ కట్టే మూల్యం చాలా ఎక్కువ. రచయితకి ఆ సంగతి తెలిసే రాశాడని నా నమ్మకం, ఒప్పుకోనివాళ్ల వాదనలోనూ బలముంది.

కింగ్ రచయిత కాకముందు సీఐఏలో ఉగ్రవాద నిరోధక విభాగంలో పనిచేశాడు. ఇంటివాళ్ల మంచి కోసం దాచాననుకునేవాడి లోపల ఏం నడుస్తుందో అంత సూటిగా రాయడం చూస్తే ఆ ఉద్యోగం గుర్తొస్తుంది. అది నా ఊహే, అంతకు మించి లాగను.

ఇక చదివే పద్ధతి. ‘వాండావిజన్’ చూశారు కాబట్టి అదే కథ అనుకుంటారేమో, కాదు. ఊరి శివారు ఇల్లు, అగాథా అనే మంత్రగత్తె, స్పార్కీ అనే కుక్క, మామూలుగా బతకాలన్న మొండిపట్టు, ఇవి అక్కడా ఇక్కడా ఉన్నాయి. అక్కడ ఇల్లు వాండా దుఃఖంలోంచి పుట్టింది, ఇక్కడ విజన్ పథకంలోంచి. ఈ కుక్క పుట్టుక కథ కూడా టీవీలో చూసినంత ముచ్చటగా ఉండదు, పెరట్లో తవ్విన కుక్క గురించి చెప్పాను కదా, అదీ ఇదీ కలిపి చూసుకోండి. పుస్తకం రెండు పేపర్‌బ్యాకులుగానూ, 12 సంచికలూ కలిపిన ఒకే సంపుటంగానూ వచ్చింది, దొరికితే ఒకే సంపుటం తీసుకోండి. డిజిటల్‌లో అయితే మార్వెల్ వాళ్ల చందా యాప్ మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో సంచికలవారీగా ఉంది. ఫోన్‌లో ఒక్కో ప్యానెల్ పెద్దది చేసుకుని చదవొద్దు. పేజీ మొత్తం కనబడాలి, క్యాప్షన్ ఒకటి చెబుతుంటే బొమ్మ వేరొకటి చూపించడంలోనే పట్టంతా ఉంది. రోజుకి రెండు మూడు సంచికలు చాలు. ఆరో సంచిక అయ్యాక ఒకసారి ఆగి ఏడోది మొదలుపెట్టండి. కథ తెగినట్టనిపించి దాన్ని దాటేయాలనిపిస్తుంది, దాటొద్దు.

ముందే పాత కథలతో మొదలుపెట్టమని కొందరు చెబుతారు, నేను వద్దంటాను. 1968 నాటి డైలాగుల ధోరణికి అలవాటు పడేలోపే విసుగొస్తుంది. ఈ 12 అయ్యాక నచ్చితే ‘అవెంజర్స్’ 57, 58 చదవండి, తర్వాత 1985–86లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రాసిన ‘ది విజన్ అండ్ ది స్కార్లెట్ విచ్’, ఆపైన బైర్న్ ‘వెస్ట్ కోస్ట్ అవెంజర్స్’. ఇంట్లో పదేళ్ల పిల్లలు అవెంజర్స్ బొమ్మ చూసి లాక్కుంటారు, ఈ పుస్తకం మాత్రం వాళ్లకి ఇవ్వకండి. కుక్కతోనూ పిల్లలతోనూ జరిగే కొన్ని సంగతులు పెద్దవాళ్లకే బరువుగా ఉంటాయి.

మొదటి సంచిక చదివి ఇక్కడే కింద రాయండి. కుకీల దగ్గర క్యాప్షన్ చదివి వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకున్నారో లేదో చెబితే చాలు, మిగతా పదకొండూ మీకు పడతాయో లేదో చెప్పేస్తాను.